కాక్‌పిట్‌లో కబుర్లు పూర్తిగా బంద్ చేయాలా?

శంషాబాద్ ప్రయాణికుడు:

మా అమ్మ మొన్న మొదటిసారి విమానం ఎక్కింది. టేకాఫ్ అప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ముందు కూర్చున్నాయన జాగ్రత్తగా నడుపుతాడా?" అని అడిగింది. మన ఆర్టీసీ బస్సులోనే "డ్రైవరుతో మాట్లాడరాదు" అని రాసి ఉంటుంది. విమానంలో మాత్రం ఆ కట్టడి కొంత దూరానికే. 10,000 అడుగుల కింద ఉన్నంతసేపు పైలట్లు నడపడానికి సంబంధించిన మాటలే మాట్లాడాలి. దీన్ని స్టెరైల్ కాక్‌పిట్ అంటారు. అమెరికా 1981లో చట్టంగా తెచ్చింది, మన దగ్గరా పాటిస్తారు. ఆ ఎత్తు దాటాక ఏ కబుర్లైనా చెప్పుకోవచ్చు.

ఆ నియమం ఎందుకొచ్చిందో చూడండి. 1974 సెప్టెంబర్ 11న ఈస్టర్న్ 212 అనే విమానం అమెరికాలోని షార్లట్‌లో పొగమంచులో దిగుతోంది. పైలట్లు రాజకీయాలు, పాత కార్ల అమ్మకాలు మాట్లాడుకుంటూ వచ్చారు. కింద కనిపిస్తున్న అమ్యూజ్‌మెంట్ పార్కు టవర్ అదా కాదా అని కూడా చర్చించుకున్నారు. ఎంత ఎత్తులో ఉన్నామన్న ధ్యాస తప్పింది. 82 మందిలో 72 మంది చనిపోయారు.

పైన మాత్రం ముప్పు లేదా? 2009 అక్టోబర్‌లో నార్త్‌వెస్ట్ 188 విమానం పైలట్లు 37,000 అడుగుల ఎత్తులో ల్యాప్‌టాప్‌లు తెరిచి, డ్యూటీల చార్టు గురించి మాట్లాడుకుంటూ గంటకు పైగా రేడియోకి జవాబే ఇవ్వలేదు. మినియాపొలిస్ దాటి 150 మైళ్లు వెళ్లిపోయారు. ఎప్పుడు దిగుతామని ఎయిర్ హోస్టెస్ ఫోన్ చేసి అడిగితే గానీ తెలివిలోకి రాలేదు. 2023 హోలీ నాడు ఢిల్లీ నుంచి గువాహటి వెళ్తున్న విమానంలో ఇంజన్‌కి ఇంధనం ఆపే మీట మీద మూతలేని కాఫీ కప్పు పెట్టి, చేతుల్లో కజ్జికాయలు పట్టుకున్న ఫోటో మీరంతా చూసే ఉంటారు. ఆ ఇద్దర్నీ కంపెనీ డ్యూటీ నుంచి తప్పించింది.

తలుపు మూసినప్పటి నుంచి తెరిచేదాకా పని మాటలే ఉండాలని నేనంటాను. కాదంటే ఎందుకో చెప్పండి.

రాడార్ గది:

తమ్ముడూ, నేను కాదంటాను. ఏటీసీలో, అంటే కింద నుంచి రేడియోలో విమానాలకి దారి, ఎత్తు చెప్పే చోట, ముప్పై ఏళ్లు పని చేసి రిటైరయ్యాను.

మీరు చెప్పినవన్నీ మాట ఎక్కువైన ప్రమాదాలు. నన్ను నిద్ర పోనివ్వనివి మాట తక్కువైన ప్రమాదాలు. 2010 మే 22న దుబాయ్ నుంచి మంగళూరు వచ్చిన విమానం రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది పోయారు, 8 మంది బతికారు. కాక్‌పిట్ రికార్డింగ్‌లో మొదటి గంటా నలభై నిమిషాలు కబుర్లు లేవు. కెప్టెన్ నిద్రలో ఉన్నాడు, గురక వినిపించింది. మీరు కోరిన నిశ్శబ్దం ఆ కాక్‌పిట్‌లో కావలసినంత ఉంది. దిగేటప్పుడు ఎత్తు ఎక్కువైందని కో-పైలట్ గ్రహించాడు. గో అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి లేపమని) అని మూడుసార్లు అన్నాడు. కెప్టెన్ వినలేదు, కో-పైలట్ కంట్రోల్ చేతిలోకి తీసుకోలేదు.

రాత్రి రెండింటికి బంగాళాఖాతం మీద మూడు గంటలు చీకట్లో కూర్చునే ఇద్దరు మనుషుల నోళ్లు కట్టేస్తే ఏమవుతుంది? కునుకు పడుతుంది. పక్కవాడి పిల్లల చదువు గురించి రెండు మాటలు అడిగినవాడికే, గంట తర్వాత "సార్, మీరు ఎత్తు తప్పు సెట్ చేశారు" అనే చనువు ఉంటుంది.

ఇంకోటి, రేడియోలో మాట. నేను ఎత్తు చెప్తాను, పైలట్ దాన్ని తిరిగి చదువుతాడు, నేను ఆ విమానం వివరాలున్న స్ట్రిప్ (కాగితం ముక్క) మీద టిక్కు పెడతాను. టిక్కు పెట్టే క్షణంలోనే మోసం జరుగుతుంది. అతను చెప్పింది కాక, నేను చెప్పిందే నా చెవికి మళ్లీ వినిపిస్తుంది. ఓ రాత్రి 624, 642 నంబర్ల విమానాలు రెండూ నా దగ్గరే ఉన్నాయి. ఒకదానికి కిందికి దిగమన్నాను. జవాబిచ్చింది రెండోది. గొంతు వేరని అనిపించి ఆగాను, మళ్లీ పిలిచాను, సర్దుకుంది. పెన్ను పట్టుకున్న వేళ్లు ఇంటికెళ్లే దాకా వణుకుతూనే ఉన్నాయి. ఆ గొంతు తేడా పట్టకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోలేను.

1989లో కౌలాలంపూర్ దగ్గర ఫ్లయింగ్ టైగర్ కంపెనీ సరుకు విమానానికి (747) కంట్రోలర్ 2,400 అడుగులకి దిగమన్నాడు. "టూ ఫోర్ జీరో జీరో" అన్నాడు. పైలట్లు మొదటి "టూ"ని రెండు అనే అంకెగా కాక, ఇంగ్లిష్‌లో "కి" అనే అర్థమిచ్చే "టు"గా తీసుకుని, 400 అడుగులే అనుకున్నారు. కొండని ఢీకొట్టారు. నలుగురూ పోయారు. ఒక్క పదం సరిగ్గా పలక్కపోవడం వల్ల, చెప్పింది నిజమేనా అని రెండోసారి అడక్కపోవడం వల్ల.

1996 నవంబర్ 12 నాటి చర్ఖీ దాద్రీ ప్రమాదాన్ని మా తరం మర్చిపోలేదు. సౌదీ 747 ఢిల్లీ నుంచి పైకి ఎక్కుతోంది, దానికి 14,000 అడుగులు. కజకిస్తాన్ విమానం దిగుతోంది, దానికి 15,000. కజక్ విమానం తనకిచ్చిన ఎత్తు కన్నా కిందికి జారింది. రెండూ గుద్దుకుని 349 మంది పోయారు. సౌదీ విమానంలో గల్ఫ్‌కి పనికి వెళ్తున్న మనవాళ్లు ఎందరో. కజక్ విమానంలో రేడియో మాట్లాడే మనిషి వేరు, అతనికి సొంత మీటర్లు లేవు. పైలట్ల భుజాల మీద నుంచి తొంగి చూడాలి. ఏ ఎత్తుకి దిగాలో విన్నది ఒకరు, దించింది ఇంకొకరు. అక్కడ కబుర్ల సంగతే లేదు.

క్యాబిన్ అక్క:

పదకొండేళ్లు విమానాల్లో సర్వీస్ చేశాను. నియమం కఠినం చేస్తే ముందు భయపడేది మేమే. "కింద ఉన్నప్పుడు కాక్‌పిట్‌కి ఫోన్ చేయకూడదు" అని ట్రైనింగ్‌లో నేర్పుతారు. భద్రత విషయమైతే చేయొచ్చనీ నేర్పుతారు. కానీ కొత్తమ్మాయికి ఏది భద్రతో ఎలా తెలుస్తుంది? నా మొదటి ఏడాది టేకాఫ్ తర్వాత వెనక గ్యాలీలో (భోజనాలు వేడిచేసే చోట) కాలిన వాసన వచ్చింది. రిసీవర్ ఎత్తి పెట్టేశాను, మళ్లీ ఎత్తాను. ఓవెన్‌లో మిగిలిపోయిన కాగితం అది. నిజంగా మంట అయ్యుంటే ఆ రెండు నిమిషాలు నావే కదా.

1989 జనవరి 8న ఇంగ్లండ్‌లోని కెగ్‌వర్త్ దగ్గర ఇదే జరిగింది. ఎడమ ఇంజన్ పాడైతే పైలట్లు కుడిది ఆపేశారు. కుడి ఇంజన్‌లో ఇబ్బంది అని కెప్టెన్ మైకులో కూడా చెప్పాడు. ఎడమ వైపు మంటలు చూసిన ప్రయాణికులున్నారు, సిబ్బందిలోనూ చూసినవాళ్లున్నారు. ఎవరూ వెళ్లి చెప్పలేదు. 47 మంది పోయారు. శంషాబాద్ తమ్ముడూ, ఆ తలుపుకి ఇంకో తాళం వేయమని మాత్రం అడక్కు.

శంషాబాద్ ప్రయాణికుడు:

కెగ్‌వర్త్ సంగతి నాకు తెలియదక్కా. మాట పూర్తిగా ఆపాలన్న నా పట్టు వదిలేస్తున్నాను. ల్యాప్‌టాప్, ఫోన్ విషయంలో మాత్రం వదలను. మాట్లాడేవాడి కళ్లు మీటర్ల మీదే ఉండొచ్చు, తెర చూసేవాడి కళ్లు ఉండవు. కాఫీ కూడా అంతే.

రాడార్ గది:

తెరల విషయంలో మీతోనే ఉన్నాను. కాఫీకి మాత్రం ఒక మాట. 2019 ఫిబ్రవరిలో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి కాంకున్ వెళ్తున్న ఎయిర్‌బస్‌లో కెప్టెన్ కాఫీ ఒలికి, రేడియో మీటలుండే ఆడియో ప్యానెల్ మీద పడింది. ప్యానెల్ వేడెక్కి పొగ వచ్చింది, విమానాన్ని ఐర్లండ్‌లోని షానన్‌కి మళ్లించారు. దర్యాప్తులో తేలిందేమిటంటే, ఇచ్చిన కప్పులు అక్కడి హోల్డర్‌లో సరిగ్గా పట్టేవి కావు, మూతలూ ఇవ్వలేదు. పైలట్‌ని తిట్టి ఊరుకోకుండా కప్పు సైజు మార్చారు, మూతలిచ్చారు. నాకు నచ్చింది అది.

మన దృష్టి మరల్చేది కబుర్లూ కాఫీ మాత్రమే కాదు, పని కూడా. 1972 డిసెంబర్ 29 రాత్రి అమెరికాలోని మయామీ దగ్గర ఈస్టర్న్ 401 విమానంలో ముందు చక్రం దిగిందో లేదో చూపే చిన్న బల్బు వెలగలేదు. కాక్‌పిట్‌లో అందరూ ఆ బల్బు చుట్టూ చేరారు. ఎత్తు పట్టి ఉంచే ఆటోపైలట్ ఎప్పుడు ఊడిందో ఎవరూ చూడలేదు. విమానం నెమ్మదిగా దిగుతూ చిత్తడి నేలలో పడింది. 101 మంది పోయారు. స్టెరైల్ నియమం ప్రకారం వాళ్లు మాట్లాడినదంతా పని మాటే.

అందుకని నేనడిగేది వేరే. మా అక్క కొడుకు ఇప్పుడు కో-పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నాడు. ఇంట్లో "మామయ్యా, మీరు" అనకుండా నోరు మెదపడు, పెద్దవాళ్ల మాటకి అడ్డు రావడం వాడికి చేతకాదు. సిమ్యులేటర్‌లో (శిక్షణకి వాడే నకిలీ కాక్‌పిట్‌లో) కెప్టెన్ కావాలని రన్‌వేకి ఎక్కువ ఎత్తులో వస్తాడు. వీడు గో అరౌండ్ అనాలి. కెప్టెన్ పలక్కపోతే రెండోసారి అనాలి. అప్పటికీ పలక్కపోతే "ఐ హావ్ కంట్రోల్" అని చేతిలోకి తీసుకోవాలి. మొదటి వారం వాడి గొంతు పైకి రాలేదట. నిన్న ఫోన్ చేసి చెప్పాడు, రెండోసారికే తీసేసుకున్నాడట.