బీ1 పరీక్షకు పది వారాలే ఉంది: మాక్ టెస్టులు రాయాలా, ఆపేసి చదువుకోవాలా?

చినుకు:
అందరికీ నమస్కారం. మధ్యస్థాయి ఇంగ్లిష్‌కి పెట్టే కేంబ్రిడ్జ్ బీ1 ప్రిలిమినరీ పరీక్ష రాయబోతున్నాను. ఇంకా పది వారాలు ఉంది. ఇప్పటికి 14 మాక్ టెస్టులు రాశాను. రీడింగ్‌లో మొత్తం 32 మార్కులకు మొదటిసారి 17 వచ్చాయి. ఐదో టెస్టుకి 21 అయ్యాయి. అక్కడి నుంచి కదలడం లేదు. 20, 21, 19, మళ్లీ 20. రోజుకి రెండు గంటలు చదవడానికి కుదురుతుంది. ఒక స్నేహితుడు "ఇంకో ఇరవై టెస్టులు రాయి, అదే వస్తుంది" అన్నాడు. ఇంకొకరు "టెస్టులు పక్కన పెట్టి ముందు ఇంగ్లిష్ నేర్చుకో" అన్నారు. ఎవరి మాట విన్నప్పుడు వారిదే నిజమనిపిస్తోంది. టెన్షన్‌గా ఉంది. మీరేమంటారు?

పాత పుస్తకం:
చినుకు గారూ, నేను చాలా ఏళ్లుగా ఇంగ్లిష్ పాఠాలు చెబుతున్నాను. సూటిగా చెబుతాను, ఏమీ అనుకోకండి. మాక్ టెస్టులు ఆపేయండి.

17 నుంచి 21కి పెరిగిన ఆ నాలుగు మార్కులు చాలా వరకు పరీక్ష తీరు అలవాటు కావడం వల్ల వచ్చినవి. ఏ భాగంలో ఏమడుగుతారో, 45 నిమిషాలను ఎలా పంచుకోవాలో మీకు తెలిసింది. ఆ లాభం ఐదో టెస్టుతో అయిపోయింది. ఆ తర్వాత రాసిన తొమ్మిది టెస్టులూ ఒకే సంగతిని తొమ్మిదిసార్లు చెప్పాయి.

చదవండి. అయితే కష్టమైనవి కాదు. ఎవరి సాయం లేకుండా చదివి హాయిగా అర్థం చేసుకోవాలంటే నూటికి 98 పదాలు ముందే తెలిసి ఉండాలని పాల్ నేషన్ వంటి పదజాల పరిశోధకులు అంటారు. పుస్తకం తెరిచి ఎక్కడైనా వంద పదాలు లెక్కపెట్టండి. తెలియనివి ఐదారు ఉంటే ఆ పుస్తకం ఇప్పటికి వద్దు. నేర్చుకునేవారి కోసం స్థాయిల వారీగా, తేలిక పదాలతో రాసిన గ్రేడెడ్ రీడర్స్ ఉంటాయి. వారానికి ఒకటి పూర్తి చేయండి. పది వారాల్లో పది పుస్తకాలు. అప్పుడు ఒక టెస్టు రాసి చూడండి.

నిచ్చెన:
పాత పుస్తకం గారి అనుభవం మీద నాకు గౌరవం ఉంది, కానీ ఈ సలహా ప్రమాదం. ఎందుకంటే నేను సరిగ్గా అదే చేశాను.

ఆరు నెలలు పుస్తకాలు చదివాను, సినిమాలు చూశాను, ఒక్క మాక్ టెస్టు కూడా రాయకుండా ఇదే పరీక్షకు వెళ్లాను. రైటింగ్ మొదటి ప్రశ్నలో ఒక ఈమెయిల్ ఇచ్చి, పక్కన నాలుగు చిన్న నోట్స్ రాసి ఉంచుతారు. ఆ నాలుగింటికీ జవాబిస్తూ సుమారు 100 పదాల్లో రాయాలి. నేను ఉత్సాహంగా 180 పదాలు రాశాను. అందులో ఒక నోట్‌కి అసలు జవాబే లేదు. రైటింగ్‌లో భాషకు ఒక్కదానికే మార్కులు వేయరు. అడిగిన విషయం చెప్పామా లేదా అన్నదానికి విడిగా 5 మార్కులు ఉంటాయి. పైగా దాని మీదే సమయం గడిచిపోవడంతో రెండో ప్రశ్న కథ సగంలో ఆగిపోయింది. ఫలితాన్ని చివరికి కేంబ్రిడ్జ్ స్కేల్ అనే కొలతలో చెబుతారు, పాస్ కావాలంటే దానిపై 140 రావాలి. నాకు రాలేదు. నా ఇంగ్లిష్ అప్పుడు కూడా ఆ స్థాయిలోనే ఉందని ఇప్పటికీ నా నమ్మకం. రెండోసారి నెల రోజులు గడియారం పెట్టుకుని రాస్తే పాసయ్యాను.

చినుకు గారూ, టెస్టులు ఆపకండి. పది వారాలు దూరంగా ఉంటే వచ్చిన అలవాటు కూడా పోతుంది.

పాత పుస్తకం:
నిచ్చెన గారూ, మీరు పడిన బాధ నిజమే. కానీ మీరు ఒక్క టెస్టూ రాయకుండా వెళ్లారు, ఆయన 14 రాశారు. మీ మందు ఆయన జబ్బుకి పనికొస్తుందా?

నిచ్చెన:
ఆయన జబ్బేమిటో మనిద్దరికీ తెలియదు కదండీ.

నడిరేయి:
అదే నేనూ అడగాలనుకున్నది. చినుకు గారూ, 32కి 20 అంటే 12 తప్పులు. ఆ 12 ఏవి? ఏ భాగంలో వచ్చాయి? మార్కులు కూడి చూసుకున్నాక తప్పుల దగ్గర ఎంతసేపు కూర్చున్నారు?

చినుకు:
నిజం చెప్పాలంటే కూర్చోలేదు. సరైన జవాబు చూసుకుని, "అవును కదా" అనుకుని తర్వాతి టెస్టుకి వెళ్లిపోయేవాడిని. ఈ రోజు రెండు గంటలు దానికే పెట్టాను. పద్నాలుగో టెస్టులో తప్పులు ఇవి: రెండో భాగంలో ఒకటి, మూడో భాగంలో ఒకటి, నాలుగో భాగంలో రెండు, ఐదో భాగంలో మూడు, ఆరో భాగంలో ఐదు. ఆరో భాగంలో ఉండేవే ఆరు ఖాళీలు!

అనుమానం వచ్చి ముందు రాసిన రెండు టెస్టులు కూడా తీశాను. మూడింటిలో కలిపి ఆరో భాగంలో 18 ఖాళీలుంటే 13 తప్పు. ఇన్నాళ్లూ నాకు పదాలు తక్కువనుకున్నాను. ఇక్కడ పోయినవన్నీ నాకు తెలిసిన పదాలే. ఎ, ది, ఎట్, ఆన్, సిన్స్, బీన్. ఇవి తెలియని వాళ్లెవరు? అయినా ఖాళీ కనిపిస్తే చెయ్యి ఆగిపోతోంది.

నడిరేయి:
ఇప్పుడు మాట్లాడుకోవడానికి ఏదో దొరికింది. చదివేవారి కోసం చెబుతున్నాను, ఆరో భాగంలో ఆప్షన్లు ఉండవు. ఒక చిన్న పేరా, అందులో ఆరు ఖాళీలు, ఒక్కో ఖాళీకి ఒక్క పదం మనమే రాయాలి. అడిగేవి చాలా వరకు చిన్న పదాలే.

తెలుగువాళ్లం ఇక్కడ తడబడటానికి కారణం ఉంది. మన భాషలో ఎ, ది లాంటి ఆర్టికల్స్ లేవు. "పుస్తకం కొన్నాను" అంటాం, ఏ పుస్తకమో సందర్భమే చెబుతుంది. "తిన్నాను" అన్న ఒక్క మాట ఇంగ్లిష్‌లో "ఐ ఏట్" కావచ్చు, "ఐ హావ్ ఈటెన్" కావచ్చు. "2019 నుంచి ఇక్కడ ఉంటున్నాను" అనే వాక్యాన్ని మనసులో పెట్టుకుంటే నోటికి వచ్చేది "ఐ యామ్ లివింగ్ హియర్ ఫ్రమ్ 2019". తెలుగు లెక్కలో అందులో తప్పేమీ కనిపించదు. ఇంగ్లిష్‌లో అది "ఐ హావ్ లివ్డ్ హియర్ సిన్స్ 2019" కావాలి. చదివేటప్పుడు ఈ చిన్న పదాల మీద చూపు ఆగదు, ఎందుకంటే అవి లేకపోయినా మనకు అర్థం తెలిసిపోతుంది. అందుకే పది పుస్తకాలు చదివినా ఇవి పట్టుబడకపోవచ్చు.

పాత పుస్తకం:
చివరి వాక్యం నాకు గుచ్చుకుంది, అయినా ఒప్పుకుంటున్నాను. కథ కోసం పరుగెత్తే చదువు వేరు, వాక్యం ఎలా కట్టారో చూసే చదువు వేరు. నేను మొదటిదే చెప్పాను. నేషన్ కూడా చదవడం, వినడం ఒక్కటే చాలనలేదు. అర్థం కోసం చదవడం వినడం, అర్థం కోసం రాయడం మాట్లాడటం, భాషను పట్టి చూడటం, వచ్చినదాన్ని వేగంగా వాడటం, ఈ నాలుగింటికీ సమయం దాదాపు సమానంగా ఇవ్వాలన్నాడు. నా సలహాలో మూడోది లేదు.

కానీ దీనికి కూడా మాక్ టెస్టు జవాబు కాదు. ఒక టెస్టు మొత్తం రాస్తే చిన్న పదాల ఖాళీలు ఎన్ని దొరుకుతాయి? ఆరు. వాటి కోసం మిగతా 26 ప్రశ్నలు మోయాలి. దానికంటే మీ ఖాళీలు మీరే తయారు చేసుకోండి. మీరు చదివి, పూర్తిగా అర్థమైన పేజీ నుంచి ఒక పేరా తీసుకోండి. ఎ, ది, ఎట్, హావ్ లాంటివన్నీ వదిలేసి, వదిలినచోట గీత పెట్టి నోట్‌బుక్‌లో ఎక్కించండి. రెండు రోజుల తర్వాత పుస్తకం చూడకుండా నింపండి. తర్వాత అసలు పేరాతో పోల్చండి. తేడా వచ్చిన ప్రతిచోటా రచయిత ఆ పదమే ఎందుకు వాడారో ఒక్క వాక్యంలో తెలుగులోనే రాసుకోండి. "మొదటిసారి చెబుతున్నారు కాబట్టి ఎ, రెండోసారి కాబట్టి ది", ఇలా. కారణం తోచనివి వ్యాకరణ పుస్తకంలో వెతకండి. పావుగంటలో ఇరవై ఖాళీలు అవుతాయి.

నిచ్చెన:
గురువుగారూ, మీరు ఇప్పుడు చెప్పింది టెస్టే!

నేను మొదటి నుంచీ చెబుతున్నది కూడా ఇదే. పరీక్ష పెట్టుకోవడం అంటే కొలత ఒక్కటే కాదు, నేర్చుకునే పద్ధతి కూడా. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారి కంటే, చదివాక చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవారికి వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. చదువుతున్నంతసేపూ అన్నీ వచ్చినట్టే ఉంటుంది. ఖాళీ ముందు కూర్చున్నప్పుడే ఏది రాదో తెలుస్తుంది.

పాత పుస్తకం:
సరే, టెస్టు వద్దు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అచ్చు వేసిన టెస్టులను వరసగా రాసుకుంటూ పోవడం వద్దు అంటాను. దాని మీద మాత్రం వెనక్కి తగ్గను.

తుమ్మెద:
మధ్యలో వస్తున్నాను. అందరూ రీడింగ్ గురించే మాట్లాడుతున్నారు. స్పీకింగ్‌కీ అంతే విలువ ఉంది: రీడింగ్, రైటింగ్, లిజనింగ్, స్పీకింగ్, ఒక్కోదానికి 25 శాతం. రీడింగ్‌లో ఆగిపోయిన మార్కు కంటే అక్కడ తెచ్చుకునే మార్కు తేలిక కావచ్చు.

స్పీకింగ్‌కి ఇద్దరు అభ్యర్థులు కలిసి వెళతారు, మొత్తం 12 నిమిషాలు. ఎదుట ఇద్దరు ఎగ్జామినర్లు. ఒకరు మాట్లాడిస్తారు, ఇంకొకరు మాట్లాడకుండా వింటారు, మార్కులు ఇద్దరూ వేస్తారు. ఒక భాగంలో బొమ్మలు చూసి మనిద్దరమే చర్చించుకుని ఒక నిర్ణయానికి రావాలి. అక్కడ చూసేది మన జవాబు సరైనదా కాదా అని కాదు. ఎదుటివాళ్ల మాట విని, దానికి మన మాట కలిపి, మళ్లీ వాళ్లను అడుగుతున్నామా అన్నది. నేను ప్రాక్టీసంతా ఒంటరిగా అద్దం ముందు చేశాను. పరీక్షలో నా జోడీగా వచ్చినవారు మాట్లాడుతుంటే నేను వినకుండా నా తర్వాతి వాక్యం మనసులో కూర్చుకుంటూ ఉన్నాను. ఆమె నన్నేదో అడిగారు, ఏమడిగారో నాకు తెలియలేదు. ఆ క్షణం ఇప్పటికీ గుర్తొస్తుంది. ఒక మనిషిని వెతుక్కోండి. మీకంటే ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లే కానక్కర్లేదు.

మనిషి దొరకని రోజు 4-3-2 చేయండి. ఒకే విషయాన్ని మొదట నాలుగు నిమిషాలు, తర్వాత మూడు, తర్వాత రెండు నిమిషాల్లో చెప్పాలి. మూడోసారికి నసుగుడు తగ్గుతుంది. ఫోన్‌లో రికార్డు చేసుకుంటే తేడా మీకే వినిపిస్తుంది.

నడిరేయి:
లిజనింగ్ గురించి ఒక్క మాట. ఈ పరీక్షలో ప్రతి రికార్డింగూ రెండుసార్లు వినిపిస్తారు. ఐఈఎల్‌టీఎస్‌లో అయితే ఒక్కసారే, కాబట్టి రెండు పరీక్షల ప్రాక్టీసు కలిపేయకండి. మూడు బొమ్మల్లో ఒకటి ఎంచుకోవాల్సిన ప్రశ్నల్లో సాధారణంగా మూడింటి మాటా వినిపిస్తుంది, ఒక "బట్" తర్వాత అసలు జవాబు వస్తుంది. తప్పయినచోట వెంటనే స్క్రిప్ట్ చూడండి. కాగితం మీద చూడగానే అర్థమైతే పదం వచ్చు, చెవికి అందలేదు. చూసినా అర్థం కాకపోతే పదమే రాదు. ఈ రెండింటికీ చేయాల్సిన పని వేరు.

చినుకు:
అందరూ ఇంత శ్రద్ధగా రాసినందుకు చాలా థ్యాంక్స్. ఒక లెక్క అడుగుతాను. రోజుకి రెండు గంటలు, పది వారాలు అంటే 140 గంటలు. ఇది సరిపోతుందా?

పాత పుస్తకం:
కేంబ్రిడ్జ్ చెప్పే అంచనాలో మొదటి నుంచి నేర్చుకుంటూ వచ్చినవారికి, బీ1 కంటే ఒక మెట్టు కిందిదైన ఏ2 స్థాయికి సుమారు 180 నుంచి 200 గంటలు, బీ1కి 350 నుంచి 400 గంటలు కావాలి. అంటే ఏ2 నుంచి బీ1కి 150 నుంచి 220 దాకా. మీరు ఏ2 దగ్గర లేరు, గుమ్మం దాకా వచ్చారు. 140 గంటలు తక్కువ కాదు. అందులో 40 గంటలు టెస్టులకే పోతే మాత్రం తక్కువే.

నిచ్చెన:
నా లెక్క వేరు. రెండు వారాలకు ఒక పూర్తి టెస్టు, గడియారం పెట్టుకుని, మధ్యలో లేవకుండా. దాని తప్పుల మీద మూడు రోజులు. చివరి రెండు వారాలు మాత్రం వారానికి రెండు. మొత్తం ఎనిమిదికి మించవు. ఇంతకంటే తగ్గిస్తే నాకు జరిగిందే జరుగుతుందని భయం.

చినుకు (రెండు వారాల తర్వాత):
చేసింది చెబుతాను. రోజూ పావుగంట సొంత ఖాళీలు, ఒక గంట చదువు. వారానికి రెండు ఈమెయిల్స్, రాశాక నాలుగు నోట్స్‌కీ జవాబు ఉందో లేదో పక్కన టిక్ పెట్టుకుంటున్నాను. నిన్న పద్నాలుగో టెస్టు ఆరో భాగం మళ్లీ రాశాను. ఆరుకి ఆరు. సంతోషం ఆగక ఒక కొత్త టెస్టులో ఆరో భాగం తీశాను. ఆరుకి మూడు.

నిచ్చెన:
ముందు ఆరుకి ఒకటే కదండీ వచ్చేది! మూడింతలు.

పాత పుస్తకం:
ఆ ఆరు లెక్కలోకి రాదు, జవాబులు గుర్తుండి ఉంటాయి. మూడే అసలు మార్కు. తప్పయిన మూడూ ఏవి?

చినుకు:
రెండు "ది", ఒకటి "సిన్స్". "ఫర్" అని రాశాను. తుమ్మెద గారూ, శనివారాలు ఒక అరగంట నాతో స్పీకింగ్ ప్రాక్టీసు చేయడానికి మీకు వీలవుతుందా?