రేముడు ఎవరు? ‘యెహోవా’ అనే మాట మీద చర్చ

ప్రశ్న: ఇంగ్లిష్ బైబిల్లో 23వ కీర్తన ‘ద లార్డ్ ఈజ్ మై షెపర్డ్’ అని మొదలవుతుంది. మనకు ‘యెహోవా నా కాపరి’. హిందీలో కూడా యహోవాయే. చెన్నైలో మా పక్కింటివాళ్ల తమిళ బైబిల్లో చూస్తే ‘కర్త్తర్’ అని ఉంది. మూలం ఒకటే కదా, ఇన్ని రకాలేంటి? వీటిలో ఏది కరెక్ట్?

జవాబు: మతం జోలికి పోకుండా మాట వరకే చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మూలంలో ఉన్నవి నాలుగే అక్షరాలు: యోద్, హే, వావ్, హే. హీబ్రూ కుడి నుంచి ఎడమకు రాస్తారు కాబట్టి ఆ వరసలోనే చదవాలి. హీబ్రూ బైబిల్లో ఈ నాలుగక్షరాల పేరు సుమారు 6,800 సార్లు వస్తుంది. బైబిల్ బయటా ఉంది. మోయాబు రాజు మేషా వేయించిన శాసనం 1868లో ఇప్పటి జోర్డాన్‌లోని ధీబాన్ దగ్గర దొరికింది. క్రీ.పూ. 9వ శతాబ్దం నాటిది. ఇశ్రాయేలు ఊరొకటి కొట్టి, ఈ పేరుగల దేవుడి సొత్తు ఈడ్చుకొచ్చి తన దేవుడు కెమోషు ముందు పెట్టానని ఆయన అందులో గొప్పలు చెప్పుకున్నాడు. అంటే ఆ రోజుల్లో ఈ పేరు పొరుగు రాజ్యాలకు కూడా తెలుసు, రహస్యమేమీ కాదు.

చిక్కంతా రాతలో ఉంది. పాత హీబ్రూలో హల్లులే రాసేవారు, మన గుణింతాల్లాంటివి లేవు. ‘రమడ’ అని రాసి ఉంటే రాముడు అని మనకు మనమే చదువుకోవాలన్నమాట. రోజూ నోటితో పలికే మాటకు అదేం ఇబ్బంది కాదు. పలకడం మానేసిన మాటకే ఇబ్బంది. యూదులు సరిగ్గా ఈ పేరునే పలకడం మానేశారు. ‘నీ దేవుడైన యెహోవా నామమును వ్యర్థముగా నుచ్చరింపకూడదు’ అన్న ఆజ్ఞను వాళ్లు ఎంత గట్టిగా పట్టుకున్నారంటే, యెరూషలేము ఆలయం నిలిచి ఉన్న చివరి రోజులకు ఆ పేరు పలకడం దాదాపుగా ఆలయంలోని యాజకుల వరకే మిగిలింది. క్రీ.శ. 70లో రోమన్లు ఆలయాన్ని పడగొట్టాక ఆ కాస్త కూడా పోయింది. గ్రంథంలో ఆ నాలుగక్షరాలు కనిపించిన చోటల్లా పైకి ‘అదోనాయ్’ అని చదవడమే మిగిలింది. అదోనాయ్ అంటే నా ప్రభువు.

కళ్లు ఒకటి చూడటం, నోరు ఇంకోటి పలకడం మనకు కొత్తేం కాదు. మా తాతయ్య పేరు వెంకటేశ్వర్లు. నాయనమ్మ బతికినన్నాళ్లూ ఆ పేరు ఎత్తలేదు. రేషన్ కార్డు దగ్గర ‘భర్త పేరు?’ అని అడిగితే మా వైపు చూసేది, మేం చెప్పేవాళ్లం. అంతవరకూ అందరిళ్లలో జరిగేదే. తమాషా ఏమిటంటే, శనివారం దీపం పెట్టి గోడ మీది పటానికి దండం పెడుతూ కూడా ‘వెంకటేశ్వరస్వామీ’ అనేది కాదు. ‘ఏడుకొండలవాడా’ అనేది. పటం కింద పేరు పెద్దక్షరాల్లో అచ్చు వేసే ఉంది, ఆవిడకు చదవడమూ వచ్చు. యూదుల అదోనాయ్ మా నాయనమ్మ ఏడుకొండలవాడు లాంటిదే అని నాకు చాలా ఏళ్ల తర్వాత తట్టింది.

ఇక మన మాట ఎలా పుట్టిందో చూద్దాం. క్రీ.శ. 6 నుంచి 10వ శతాబ్దం దాకా తిబెరియ ప్రాంతంలో మసోరెటులు అనే పండితులు హీబ్రూ గ్రంథానికి గుణింతం పెట్టే పని చేశారు. అక్షరాల కింద, పైన చుక్కలు, గీతలు పెట్టి ఏ హల్లును ఏ అచ్చుతో పలకాలో గుర్తులిచ్చారు. ఈ నాలుగక్షరాల దగ్గరికి వచ్చేసరికి, మూలంలో ఒక్క హల్లును కూడా మార్చకూడదు, చదివేవాడు మాత్రం అదోనాయ్ అనాలి. కాబట్టి హల్లులు పేరువి ఉంచి, గుణింతపు గుర్తులు అదోనాయ్‌వి పెట్టారు. ‘ఇక్కడ ఆ మాట చదువు’ అని చెప్పే సైగ అది.

దీన్ని తెలుగులో చేసి చూపిస్తాను. రాముడు పేరు పలకకూడదు, కనబడిన చోటల్లా దేవుడు అని చదవాలి అనుకుందాం. రాముడులో హల్లులు ర, మ, డ. దేవుడులో గుణింతాలు ఏత్వం, కొమ్ము, కొమ్ము. ఆ హల్లులకు ఈ గుణింతాలు తగిలించండి. రేముడు! మన ఊరివాడు అది చూడగానే ‘దేవుడు’ అని చదివి ముందుకు పోతాడు. ఈ ఏర్పాటు తెలియని పరాయివాడొకడు వచ్చి చూసి, వీళ్ల దేవుడి పేరు రేముడట అని రాసుకుపోతాడు.

యెహోవా సరిగ్గా అలా పుట్టిందే. అదోనాయ్‌లో అచ్చులు అ, ఓ, ఆ. మొదటి ‘అ’ పొట్టి సగం అచ్చు. యోద్ కిందికి వచ్చేసరికి హీబ్రూ వ్యాకరణం ప్రకారం అది ‘ఎ’కు దగ్గరగా మారుతుంది. య్-హ్-వ్-హ్ హల్లులకు ఎ, ఓ, ఆ కలపండి, యెహోవా వస్తుంది. 13వ శతాబ్దం నుంచి యూరప్‌లోని క్రైస్తవ పండితులు దాన్ని ఉన్నదున్నట్టు చదివి లాటిన్‌లోకి తెచ్చారు. 1530లో బైబిల్ అనువాదకుడు టిండేల్ ఇంగ్లిష్‌లోకి తెచ్చాడు.

మరి అసలు ఉచ్చారణ? చాలామంది పండితులు ‘యాహ్వే’ అంటారు. గ్రీకు రచయితలు తమ చెవిన పడ్డది రాసిపెట్టారు. అలెగ్జాండ్రియా క్లెమెంటు రాసినది ‘యావుఎ’ లాంటి శబ్దం. 5వ శతాబ్దపు థియొడొరెట్ ఏమో, యూదుల పొరుగువారైన సమరయులు ‘యాబె’ అంటారని రాశాడు. మొదటి ముక్క ‘యా’ అయితే మన నోళ్లలో ఇప్పటికీ ఉంది. హల్లెలూయాలోని యా అదే. యెషయా, యిర్మీయా, ఏలీయా పేర్ల చివర ఉన్నదీ అదే.

అనువాదం సంగతి ఇంకా వెనక్కి పోతుంది. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో యూదులే తమ గ్రంథాన్ని గ్రీకులోకి మార్చడం మొదలుపెట్టారు. మనకు దక్కిన సంపూర్ణ ప్రతుల్లో ఈ పేరున్న చోట ‘క్యూరియోస్’, అంటే ప్రభువు, అని ఉంటుంది. కానీ అంతకంటే పాత ముక్కలు కొన్నింటిలో వేరే దృశ్యం. క్రీ.పూ. 1వ శతాబ్దపు ఒక పపైరస్‌లో గ్రీకు లేఖకుడు ఆ చోట ఖాళీ వదిలేసి చుక్కలు పెట్టుకున్నాడు. తర్వాత ఇంకొకరు వచ్చి ఆ ఖాళీలో హీబ్రూ అక్షరాలే రాశారు. చుట్టూ గ్రీకు, నడుమ హీబ్రూ. ఇలాంటి ప్రతులతో ఇంకో తమాషా కూడా జరిగింది. హీబ్రూ రాని గ్రీకు పాఠకులు ఆ నాలుగక్షరాలను ఎడమ నుంచి కుడికి గ్రీకు అక్షరాలనుకుని ‘పిపి’ అని చదివారట. ఈ మాట 4వ శతాబ్దంలో, బైబిల్‌ను లాటిన్‌లోకి అనువదించిన జెరోమ్ చెప్పాడు.

క్యూరియోస్ లాటిన్‌లో దొమినుస్ అయింది, జర్మన్‌లో హెర్, ఇంగ్లిష్‌లో లార్డ్. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో జెహోవా అని విడిగా నాలుగు చోట్లే ఉంటుంది. స్థలాల పేర్లలో ఇంకో మూడు. మిగతా వేల చోట్ల లార్డ్, కాకపోతే అన్నీ పెద్దక్షరాల్లో. మామూలు ప్రభువుకు మొదటి అక్షరం ఒక్కటే పెద్దది. తేడా చెప్పేది ఆ పెద్దక్షరాలే.

తెలుగు లిపిలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అంటూ లేవు. ప్రభువును ఎలా రాసినా ప్రభువే. మనవాళ్లు పేరునే ఉంచేయడానికి ఇదీ ఒక కారణమై ఉంటుందని నా ఊహ, ఊహ మాత్రమే. ఫలితం మాత్రం బాగుంది. తెలుగు పాత నిబంధన చదివేవాడికి మూలంలో ఏ మాట ఉందో తెలిసిపోతుంది. ‘దేవుడు’ అంటే ఎలోహీం. ‘దేవుడైన యెహోవా’ అంటే రెండూ కలిసి ఉన్నాయి. యెహెజ్కేలులో మాటిమాటికీ వచ్చే ‘ప్రభువైన యెహోవా’ అంటే మూలంలో అదోనాయ్, దాని పక్కన ఈ నాలుగక్షరాలు. మరి అక్కడ పైకి ఎలా చదువుతారు? అదోనాయ్ అదోనాయ్ అని రెండుసార్లు అంటే బాగుండదని రెండోదాన్ని ఎలోహీం అంటారు. గుణింతాలూ దానివే పెట్టారు.

ఒక సభ్యురాలు: మాది మూడు తరాల క్రైస్తవ కుటుంబం. మా అమ్మ రోజూ ‘యెహోవా’ అనే ప్రార్థన చేస్తుంది. ఇప్పుడు ఆవిడతో ‘అమ్మా, అది రేముడు’ అనమంటారా?

జవాబు: అయ్యో, అలా అనకండి అక్కా! పుట్టుక పొరపాటైనంత మాత్రాన మాట తప్పయిపోదు. ఐదారు వందల ఏళ్లుగా జనం పలికి, పాడి, ఏడ్చి నిలబెట్టిన మాట అది. పైగా ‘యెహో’ అనే మొదటి సగానికి మూలంలోనే సాక్ష్యం ఉంది: యెహోషువ, యెహోషాపాతు. అందుకే యెహోవాయే అసలు ఉచ్చారణ అని వాదించేవాళ్లూ కొద్దిమంది ఉన్నారు. నాకు యాహ్వే వైపే ఆధారాలు ఎక్కువగా కనిపిస్తాయి.

తెలుగులో ఆ మాటకు ఒక చిత్రమైన అందం కూడా ఉంది. అబ్రహాంకు ‘ము’ తగిలించి అబ్రాహాము చేశాం. ఇస్సాకు, యాకోబులకు చివర ఉకారం ఇచ్చాం. దీన్ని మాత్రం యెహోవుడు అనలేదు. దీర్ఘం మీదే వదిలేశాం. మన చెవికి రామా, కృష్ణా అన్నట్టు పిలుపులా వినిపిస్తుంది. ‘యెహోవా నా కాపరి’ అనేది వాక్యం, కానీ సగం పిలుపు లాగే ఉంటుంది.

ఇంకో సభ్యుడు: పేరు సరే, దాని అర్థం? ‘నేను ఉన్నవాడను అను వాడనైయున్నాను’ అన్న వాక్యం చిన్నప్పటి నుంచి బట్టీ పట్టాను కానీ ఒక్క ముక్క అర్థం కాలేదు.

జవాబు: అసలు సంగతి దగ్గరికి వచ్చారు. ఇది నిర్గమకాండము 3:14. నీ పేరేమిటని మోషే అడిగితే వచ్చిన జవాబు. హీబ్రూలో మూడే మాటలు: ‘ఎహ్యె అషెర్ ఎహ్యె’. ‘ఎహ్యె’ అనేది ‘ఉండు’ క్రియకు ఉత్తమ పురుష రూపం. ఆ నాలుగక్షరాల పేరు కూడా ఆ ధాతువు నుంచే వచ్చిందని ఆ కథ సూచిస్తుంది.

హీబ్రూలో ఆ క్రియారూపం జరిగిపోయినదాన్ని చెప్పదు. ఇంకా ముగియనిదాన్ని, జరుగుతూ ఉండేదాన్ని, జరగబోయేదాన్ని చెబుతుంది. ఇంగ్లిష్‌లో ‘ఐ యామ్’ అనాలా ‘ఐ విల్ బీ’ అనాలా అని ఇప్పటికీ తగువే. గ్రీకువాళ్లు ‘ఉన్నవాడను’ అని తేల్చేశారు, మన మొదటి సగం ఆ దారినే పోయింది. కానీ వచనం అక్కడితో ఆగదు. ‘ఉండుననువాడు మీయొద్దకు నన్ను పంపెనని’ ఇశ్రాయేలీయులతో చెప్పమంటాడు. ఈ ‘ఉండును’ కూడా హీబ్రూలో అదే ‘ఎహ్యె’. ఒకే మాట, ఒకే వచనంలో రెండు రకాలుగా వచ్చింది.

నన్నడిగితే రెండోదే బంగారం. మన పాత వ్యాకరణాల్లో దీన్ని తద్ధర్మం అంటారు. ‘సూర్యుడు తూర్పున ఉదయించును.’ నిన్నా అంతే, ఇవాళా అంతే, రేపూ అంతే. వాడుక తెలుగులో ‘ఉంటాను’. ‘నేను విజయవాడలో ఉంటాను’ అంటే ఇప్పుడు, ఎప్పుడూ. ‘రేపు ఇంట్లోనే ఉంటాను’ అంటే రాబోయేది. ఇంగ్లిష్‌వాడు రెండు ముక్కలు చేయాల్సినదాన్ని మనం ఒక్క క్రియతో అనేస్తాం, హీబ్రూవాడిలాగే. రెండు వచనాల ముందు, 3:12లో, మోషే భయపడితే ‘నిశ్చయముగా నేను నీకు తోడైయుందును’ అంటాడు చూడండి, అక్కడా ‘ఎహ్యె’యే. ‘నేను నీతో ఉంటాను’ అని మాట ఇచ్చి, పేరడిగితే ‘ఉంటానన్నానుగా, ఉంటాను’ అన్నట్టుంది. వాడుక భాషలో ఎవరైనా ‘నేను ఉంటాను, ఎలా ఉంటానో అలా ఉంటాను’ అని రాస్తే బట్టీ పట్టే పని ఉండేది కాదు.

చెన్నై నుంచి ఒకరు: తమిళంవాళ్ల ‘కర్త్తర్’ మన కర్తేనా?

జవాబు: అవునండి, సంస్కృతం కర్తే. వాళ్లు క్యూరియోస్ దారి పట్టారు, బిరుదును అనువదించుకున్నారు. హిందీ, మలయాళం, మనం పేరును మోసుకొచ్చాం. మన దారిలో ఒక ఇరుకు ఉంది. యెషయా 40:3లో ‘యెహోవాకు మార్గము సిద్ధపరచుడి’ అని ఉంటుంది. అదే మాటను మత్తయి 3:3లో ఎత్తి చెప్పినప్పుడు ‘ప్రభువు మార్గము సిద్ధపరచుడి’ అయింది. కొత్త నిబంధన మూలం గ్రీకు, అక్కడ క్యూరియోస్ ఉంది మరి. మత్తయి 22:44లో ‘ప్రభువు నా ప్రభువుతో చెప్పెను’ అని చదివి తికమకపడేది కూడా అందుకే. 110వ కీర్తన హీబ్రూలో ఆ ఇద్దరు ప్రభువులకు రెండు వేరు మాటలు: మొదటిది నాలుగక్షరాల పేరు, రెండోది ‘అదోని’. తమిళంలో పాత నిబంధనా కొత్త నిబంధనా ఒకే మాట మీద నడుస్తాయి. ఆ లాభం వాళ్లది.

మొదట ప్రశ్న అడిగినవారు: ఇన్ని చెప్పారు, ఇదొక్కటి కూడా చెప్పండి. మా వీధిలో ఆటో వెనక ‘యెహోవా యీరే’ అని ఉంటుంది. యీరే అంటే ఏంటి?

జవాబు: ఆదికాండము 22. అబ్రాహాము కొడుకును బలి ఇవ్వడానికి కొండెక్కుతుంటే, గొర్రెపిల్ల ఏదీ అని ఇస్సాకు అడుగుతాడు. ‘దేవుడే హోమబలికి గొఱ్ఱెపిల్లను చూచుకొనును’ అంటాడు తండ్రి. పొదలో పొట్టేలు దొరికాక ఆ చోటికి పెట్టిన పేరు ఇది. ‘యిర్ఎ’ అంటే అక్షరాలా ‘చూస్తాడు’, ఇందాకటి ఎహ్యె లాంటి క్రియారూపమే. చూడటం అనే క్రియతోనే సమకూర్చడం అనే అర్థం కూడా చెప్పించారు. ఇంగ్లిష్‌లో ‘ప్రొవైడ్’ అని వేరే క్రియ తెచ్చుకుంటే అందులో చూపు కనబడదు. తెలుగు అనువాదకుడికి ‘చూచుకొనును’ చేతికి అందింది. బండి వాయిదా కట్టాల్సిన రోజున ఆ ఆటో అబ్బాయి ‘ఆయనే చూసుకుంటాడు’ అంటాడు చూడండి, అదే.