మూసీ బాగుపడాలంటే ముందు పోవాల్సింది ఇళ్లా, మురుగా?

నాగోల్‌వాసి:
ఇరవై ఏళ్లుగా మూసారాంబాగ్ వంతెన మీదుగా తిరిగినవాణ్ని. కారు అద్దాలు ఎక్కించినా కంపు లోపలికి వస్తుంది. 2020 అక్టోబరు వానలకు మా సెల్లార్‌లో నడుము లోతు నీళ్లు, రెండు బండ్లు మునిగాయి. బీమావాళ్లు మా పాలసీలో వరద లేదన్నారు. 2024లో ప్రభుత్వం హైదరాబాద్ నగరంలోని 55 కిలోమీటర్ల మూసీని బాగుచేస్తామని నదీగర్భంలోని ఇళ్లకు కూల్చాల్సినవని గుర్తుగా ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాస్తే ఎంత గోల! 1908 సెప్టెంబరు 28 వరదలో 15 వేల మంది దాకా పోయారంటారు. నది దారిలో ఇల్లు కట్టుకుంటే నది ఊరుకుంటుందా? చెప్పండి.

లెక్కతేల్చు:
ముందు ఒక సంగతి తేలాలి. నగరంలో పారేది అసలు మూసీయేనా? ఆ వరద తర్వాత విశ్వేశ్వరయ్య గారి సలహాతో మూసీ మీద గండిపేట జలాశయం 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో కట్టారు. అనంతగిరి కొండల నుంచి వచ్చే నీళ్లు అక్కడే ఆగిపోతాయి. గేట్లు ఎత్తిన నాలుగు రోజులు వదిలేస్తే, ఆ రెండు నదులు కలిసే బాపూఘాట్ కింద పారేదంతా మనం ఫ్లష్ కొట్టిందే. లేని నదిని ఎలా శుభ్రం చేస్తారు?

కింగ్‌కోఠి_కుర్రోడు:
చాయ్, ఉస్మానియా బిస్కెట్ పట్టుకుని కూర్చున్నా. కానివ్వండి.

ఇమ్లీబన్_చెల్లి:
నాగోల్ అన్నా, నీకు రెండు బండ్లు మునిగినయి. మా చిన్నమ్మకు ఇల్లే పోయింది. చాదర్‌ఘాట్ పక్క బస్తీ. ముప్పై ఏండ్ల కరెంటు బిల్లులు, నల్లా బిల్లులు, ఇంటిపన్ను రసీదులు కవర్ల చుట్టి బీరువాల దాసుకుంది. పన్ను కట్టించుకున్ననాడు నదిల ఉన్నదని ఎవ్వలు చెప్పలే. మలక్‌పేటల డబుల్ బెడ్రూం ఇచ్చిన్రు, అబద్ధమెందుకు. కానీ ఆమె మిషన్ కుట్టి బతికేది. గిరాకీ అంతా ఆ గల్లీలనే. జాకెట్ ముక్క పట్టుకొని లిఫ్టెక్కి ఎవరస్తరు? అయినా కంపు మా చిన్నమ్మ ఇంట్లకెల్లి రాలే.

నాగోల్‌వాసి:
నేను మాట్లాడేది వరద గురించి. 2025 సెప్టెంబరులో గేట్లు ఎత్తితే ఎంజీబీఎస్‌లోకి నీళ్లొచ్చి రాత్రికి రాత్రి ప్రయాణికులను బయటకు తరలించలేదా?

లెక్కతేల్చు:
మంచి మాట ఎత్తారు. ఆ బస్టాండు గోడ మీద ఆర్‌బీ-ఎక్స్ రాశారా? సరే, అది పక్కన పెడదాం. నా మొదటి ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.

కత్వకింది_రైతు:
ఎవుసం పనుల ఉండి ఇప్పుడే చూసిన. మీరంతా మూసీ నాగోల్‌తోనే అయిపోయినట్టు మాట్లాడుతున్నరు. అక్కడికెల్లి వాడపల్లి కాడ కృష్ణల కలిసేదాంక ఉన్నదేంది మరి? మాది వలిగొండ దిక్కు. మా కత్వ, అంటే నదికి అడ్డం కట్టిన చిన్న ఆనకట్ట, దాని కింద ఎండాకాలం సుత నీళ్లు తగ్గయి, వానాకాలం, యాసంగి రెండు పంటలు వరే. అవి మీ బాత్రూం నీళ్లేనని మాకు తెల్వక కాదు. నాట్లప్పుడు మా నాయిన మోకాళ్ల దాంక కొబ్బరినూనె, పసుపు పూసుకొని మడిల దిగేటోడు. అయినా పొద్దుమీకినంక కాళ్లు గోక్కుంట అరుగు మీద కూసునేది. మా మడి వడ్లు మేం తినం, బియ్యం బయట కొంటం. కల్లం కాడికి వచ్చిన సేటు ముందుగాల అడిగేది “మూసీ వడ్లా?” అనే. ఆ మాటకే ధర తెగ్గోస్తడు.

కింగ్‌కోఠి_కుర్రోడు:
అయ్యో.

పీర్జాదిగూడ_పాలు:
కుర్రోడా, ఈ నీళ్లతో పెంచిన గడ్డి తిన్న బర్రెల పాలు నీ చాయ్‌ల ఉండొచ్చు. బిస్కెట్ జెర చూసి ముంచు.

నాగోల్‌వాసి:
అందుకే కదా శుద్ధి చేయాలంటున్నది! అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్లు శుద్ధి చేసే ప్లాంటు ఉంది, ఇంకా కడుతున్నారు. పనే జరగనట్టు మాట్లాడితే ఎలా?

ఇమ్లీబన్_చెల్లి:
పటాన్‌చెరు ఫ్యాక్టరీల నీళ్లను 18 కిలోమీటర్ల పైపేసి అదే అంబర్‌పేటకు తెచ్చిన సంగతి తెలుసా? అక్కడ శుద్ధి చేసే పంపుతున్నమంటరు. ఇంట్ల మురుగు కోసం కట్టినదాంట్ల మందుల కంపెనీ ఉప్పు పోతదా? గది ఇడిసిపెట్టు. మీ అపార్ట్‌మెంట్ల డ్రైనేజీ ఎటు పోతది, జెర చెప్పు.

నాగోల్‌వాసి:
వాననీటి నాలాలో కలిపారు. బిల్డర్ చేసిన పని. నాకేం సంబంధం?

ఇమ్లీబన్_చెల్లి:
నీ మురుగు నీది కాదు, మా చిన్నమ్మ ఇల్లు మాత్రం కబ్జా. మంచిగున్నది. నిన్నగాక మొన్న వచ్చినోళ్లు మాకు నది గురించి చెప్తున్రు.

నాగోల్‌వాసి:
1998లో వచ్చాను. నా పిల్లలు ఇక్కడే పుట్టారు. ఇంకోసారి ఆ మాట అనొద్దు. అసలు సంగతే చెప్తా విను. లోను ఇంకా పదకొండేళ్లు ఉంది. ఫ్లాటు అమ్మి పెద్దమ్మాయి పెళ్లి చేద్దామనుకుంటే, చూడటానికి వచ్చినవాళ్లు బాల్కనీ తలుపు తీయగానే ముక్కు మూసుకుని వెళ్లిపోతున్నారు. నాలుగేళ్లలో తొమ్మిది మంది వచ్చారు. మూసీ బాగుపడితేనే నేను బయటపడేది.

ఇమ్లీబన్_చెల్లి:
గిది మొదలే చెప్తే అయిపోవు గదా అన్నా. 1908 దాంక ఎందుకు పోయినవు?

(దీని తర్వాత ఒక రోజంతా ఎవరూ రాయలేదు.)

కత్వకింది_రైతు:
నాదొక అనుమానం. గోదావరి నీళ్లు గండిపేటకు తెచ్చి మూసీల ఇడుస్తరంటున్నరు. ఆ నీళ్లు మా కత్వ దాంక వస్తయా, పడవలు తిప్పనీకి నడుమ అడ్డం కట్టి ఆపుకుంటరా? శుద్ధి చేసిన నీళ్లను సుత తోటలకు, ఫ్యాక్టరీలకు అమ్ముకుంటే మా మడి సంగతేంది? కంపుదో గింపుదో, ఇయ్యాల్టి దాంక ఈ నీళ్లు మమ్ముల సాదినయి. నాగోల్ అన్నా, నీకు కిటికీల కెల్లి కనవడితే సాలు. మాకు మడిలకు పారాలె. ఎవలకన్న తెలిస్తే చెప్పుర్రి. యాసంగి నారు పొయ్యాల్నా వద్దా చూసుకోవాలె.

నాగోల్‌వాసి:
ఈ సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు. కనుక్కుని రాస్తాను.

లెక్కతేల్చు:
గోదావరి నీళ్లు పారితే అది మూసీ అవుతుందా? నేను అడుగుతున్నదే అది.