అప్‌డేట్: జీడితోటలో తేనెటీగల జబ్బు

పలాస దగ్గర మా జీడితోటలో ఆరు పెట్టెల్లోనూ పిల్లపురుగులు నీళ్ల సంచుల్లా ఉబ్బి చనిపోతున్నాయని పోయిన నెల అడిగాను కదా. మీరన్నట్టే అది శాక్‌బ్రూడ్, అంటే తేనెటీగల పిల్లలకు వచ్చే వైరస్ జబ్బు. మందు లేదని తెలిసి చాలా టెన్షన్ పడ్డాను. కొత్త పిల్లలు లేకపోతే వైరస్ ఆగుతుందని రాణి ఈగను కొన్నాళ్లు చిన్న పంజరంలో ఉంచి గుడ్లు పెట్టకుండా ఆపాను. జబ్బు పట్టిన మైనపు అట్టలు తీసి కాల్చేశాను. ఒక పెట్టెలోని చట్రం ఇంకో పెట్టెలోకి మార్చనే లేదు. నాలుగు కోలుకున్నాయి. రెండు పోయాయి, ఆ బాధ ఇంకా ఉంది.

పక్క తోటల రైతులతో కూడా మాట్లాడాను. పూత మీద టీ దోమకు (జీడి రసం పీల్చే పురుగు) మందు కొట్టాల్సి వస్తే, ఈగలు గూటికి చేరాక సాయంత్రం పూటే కొడతామన్నారు. ఇదైతే నేను ఊహించలేదు!

ఇవాళ పొద్దున పెట్టె తెరిస్తే గదుల్లో ముత్యాల్లాంటి తెల్లటి పిల్లలు కనిపించాయి.