అమెరికా చేరిన తొలి ఆంగ్లేయులకు అడవిలో బతకడం ఎవరు నేర్పారు?

సముద్రతీరం:
1620లో మేఫ్లవర్ ఓడలో వెళ్లి ఇప్పటి మసాచుసెట్స్ తీరంలోని ప్లిమత్‌లో స్థిరపడిన 102 మందిలో దాదాపు సగం మంది తొలి చలికాలంలోనే చనిపోయారు. మిగిలినవారు బతికి బట్టకట్టడం మూలవాసులు పెట్టిన భిక్షేనని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. 1621లో పంట చేతికొచ్చాక నలుగురు మనుషులు ఒక్క రోజులో కొట్టిన పక్షులు ఊరందరికీ దాదాపు వారం రోజులు సరిపోయాయని అక్కడే ఉన్న వలసవాసి ఎడ్వర్డ్ విన్‌స్లో ఒక లేఖలో రాశాడు. వేట రానివారికి ఇది సాధ్యమా?

వనమాలి:
సముద్రతీరం గారూ, ఆ లేఖలోనే తర్వాతి మాట కూడా చూడండి. అక్కడి మూలవాసులైన వాంపనోగ్‌ల నాయకుడు మసాసోయిట్ వెంట వచ్చిన 90 మంది అయిదు జింకలను కొట్టి తెచ్చారని రాసిందీ విన్‌స్లోనే. గుంపులుగా వాలే నీటిపక్షులను తుపాకితో కొట్టడం వేరు, అడవిలో జింక జాడ పట్టడం వేరు. ఇంగ్లండులో జింకల వేట రాజుకూ భూస్వాములకూ దక్కిన హక్కు కాబట్టి, సామాన్యులకు ఆ విద్య అబ్బే అవకాశమే తక్కువ. ప్లిమత్‌కు ముందు వారు దిగిన కేప్ కాడ్ అడవిలో వంచి కట్టిన లేత చెట్టునూ కింద చల్లిన ఓక్ కాయలనూ చూసి, అది జింకలకు పన్నిన ఉచ్చు అని చెప్పినవాడు అంతకుముందు వర్జీనియాలోని ఆంగ్ల వలస జేమ్స్‌టౌన్‌లో ఉండి వచ్చిన స్టీఫెన్ హాప్కిన్స్. వెనక వచ్చిన విలియం బ్రాడ్‌ఫోర్డ్ కాలు అందులోనే ఇరుక్కుంది! తర్వాత ఆయనే ఆ వలసకు గవర్నరయ్యాడు.

గోదారిగట్టు:
నైపుణ్యం ఎవరిదన్న ఒక్క ప్రశ్నతో ఇది తేలదని నా అభిప్రాయం. 1607లో ఏర్పడిన జేమ్స్‌టౌన్ వారికి రెండేళ్లపాటు అక్కడి మూలవాసులైన పౌహాటన్ ప్రజలతో పరిచయమూ మొక్కజొన్న బేరమూ ఉన్నాయి, తుపాకులూ ఉన్నాయి. అయినా 1609-10 చలికాలంలో గుర్రాలనూ కుక్కలనూ ఎలుకలనూ తిని, చివరికి శవాలనూ తిని, కోటలో దాదాపు 60 మందే మిగిలారు. సంబంధాలు చెడి పౌహాటన్ యోధులు కోటను చుట్టుముట్టడంతో, వేటకని గడప దాటినవాడు తిరిగివస్తాడన్న నమ్మకం లేకుండా పోయింది. ప్లిమత్‌కు 1621 మార్చిలోనే మసాసోయిట్‌తో ఒప్పందం కుదిరింది. ఆ వెంటనే, ఇంగ్లీషు వచ్చిన మూలవాసి టిస్క్వాంటమ్ వాగు బురదను కాళ్లతో తొక్కి ఈల్ చేపలను వట్టి చేతులతో పట్టి చూపించాడు. పొరుగువాడు అడవిలోకి రానిచ్చిన చోటే ఏ విద్యయినా పనికొచ్చింది.

సముద్రతీరం:
టిస్క్వాంటమ్‌ను 1614లో అపహరించి స్పెయిన్‌కు తీసుకుపోయారు, ఆ తర్వాత అతడు ఇంగ్లండులోనూ ఉన్నాడు. మొక్కజొన్న మొక్కల మొదళ్లలో చేపలను ఎరువుగా వేయడం వలసవారికి నేర్పింది అతడే, కానీ ఆ పద్ధతిని అతడు ఐరోపాలోనే నేర్చుకుని ఉండవచ్చని వాదించిన పండితులున్నారు.

వనమాలి:
అలాగే అనుకుందాం. ఏప్రిల్ నడుమ ప్లిమత్ వాగులోకి చేపలు ఎదురెక్కి వస్తాయని ఐరోపాలో ఎవరు చెప్పగలరు? విత్తనం సంగతీ చూడండి. 1621లో వారు ఇరవై ఎకరాల మొక్కజొన్న, ఆరెకరాల బార్లీ, బఠాణీ వేశారు. మొక్కజొన్న బాగా పండింది, బార్లీ అంతంతమాత్రం, బఠాణీ పూతలోనే ఎండకు మాడిపోయింది. ఆ మొక్కజొన్న విత్తనంలో కొంత కేప్ కాడ్‌లో మూలవాసులు గోతుల్లో దాచుకున్న బుట్టల నుంచి, అడగకుండా తీసుకున్నదే.