యాజమాన్యం వైపు లేబర్ లాయరు: చట్టం పాటింపజేస్తాడా, పక్కదారి చూపిస్తాడా?

నల్లకోటు (హైదరాబాద్):
పదహారేళ్లుగా నాది యాజమాన్యాల వైపు ప్రాక్టీసే. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చినప్పటి నుంచి ఫోను మోగుతూనే ఉంది. 29 చట్టాలు నాలుగులోకి వచ్చాయని ఎంత చెప్పినా క్లయింట్లకు కావలసింది ఒకటే, "మనకెంత పడుతుంది సార్?"

మొన్న ఒక చిన్న ఫ్యాక్టరీ ఓనరు శాలరీ స్లిప్ తెచ్చి టేబుల్ మీద పరిచాడు. బేసిక్ 12,000, హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె అలవెన్స్) 8,000, స్పెషల్ అలవెన్స్ 20,000, మొత్తం 40,000. ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే గ్రాట్యుటీ ఇన్నాళ్లూ 12,000 మీదే కట్టేవాళ్లు. ఇప్పుడు మినహాయింపులు, అంటే వేతనం లెక్కలోకి రాని అలవెన్సులు, మొత్తంలో సగం దాటితే, దాటినంత వేతనంలో కలపాలి. అంటే లెక్కకు వేతనం 20,000. పదేళ్లు చేసిన మనిషికి 69,231 రూపాయలు కాస్తా 1,15,385 అవుతుంది. ఆ అంకె చూసి "ఏదో ఒక దారి చూడండి" అన్నాడు. దారి చూపించడం తప్పా? మా తమ్ముడు తప్పే అంటున్నాడు. ఇంట్లో తేలలేదు, ఇక్కడ పెడుతున్నా.

షిఫ్ట్ బి (విశాఖ):
ఆ దారులు మాకు తెలుసు సార్. మా దగ్గర పర్మినెంటు వాళ్ల చేత రాజీనామా రాయించి, మర్నాడే ఏడాది కాంట్రాక్టు మీద తీసుకున్నారు. 'స్వచ్ఛందంగా' అని ఇంగ్లీషులో టైపు చేసుంది. నా పక్కన ఆయన వేలిముద్ర వేశాడు. అంత శుభ్రమైన ఇంగ్లీషు మా మేనేజరుకు రాదు. ఎవరో వకీలు గారే రాసుంటారు.

చిన్న యూనిట్ (గుంటూరు):
అందరినీ ఒకే గాటన కట్టొద్దు. నా దగ్గర 22 మంది. జీతాల లెక్క మా బావమరిది ఎక్సెల్‌లో చేస్తాడు. పని మానేసినవాడి లెక్క రెండు పని దినాల్లో తేల్చెయ్యాలని లాయరు చెబితేనే నాకు తెలిసింది. అప్పటిదాకా మరుసటి నెల జీతాల రోజున ఇచ్చేవాళ్లం. ఆ సలహా వల్ల మేలు జరిగింది కుర్రాళ్లకే కదా?

పేరోల్ అక్క:
నల్లకోటు గారూ, తప్పొప్పుల సంగతి తర్వాత, ముందు మీ లెక్క చూద్దాం. స్పెషల్ అలవెన్స్ అసలు మినహాయింపుల జాబితాలో ఉందా? హెచ్ఆర్ఏ ఉంది, కన్వేయన్స్ ఉంది, ఓవర్‌టైమ్, కమిషన్ ఉన్నాయి. ఇది లేదు. అలాంటప్పుడు మినహాయింపు 8,000 మాత్రమే, వేతనం 32,000. పదేళ్లకు 1,84,615. పీఎఫ్ విషయంలో సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది, అందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్సును బేసిక్ నుంచి విడదీయడానికి వీల్లేదని. నెలనెలా స్లిప్పులు తీసేదాన్ని, పేరు మార్చి పక్క గడిలో వేసిన జీతం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

నల్లకోటు:
దొరికిపోయాను. 'సగం' రూలు బయట అందరి నోటా ఉంది కాబట్టి దాంతోనే మొదలుపెట్టాను. మీ అర్థమూ నాకు తెలుసు మేడమ్, ఓనరు ముందు ఎత్తలేదు. అబద్ధం చెప్పలేదు, కానీ చవకది ముందు పెట్టాను. రేపు కోర్టులో 32,000 అని తేలితే ఆయనే నన్ను పట్టుకుంటాడు. ఇవాళే రెండు లెక్కలూ రాసి మెయిల్ పెడతాను.

పాత ఫైలు:
పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో ఒక ముచ్చట ఉండేది. లేబర్ కోర్టులో వకీలు నిలబడాలంటే అవతలి పక్షం ఒప్పుకోవాలి, కోర్టూ అనుమతించాలి. వకీలు ఫీజు ఎవరు కట్టగలరో రాసినవాళ్లకు తెలుసు. అయితే ఆ అడ్డు కోర్టు గుమ్మం దగ్గరే. ఆఫీసులో కూర్చుని రాజీనామా డ్రాఫ్టు రాసేవాణ్ని ఆపిందెవరు? నన్నడిగితే లెక్క తక్కువ చూపడం కన్నా ఆ డ్రాఫ్టే పెద్ద తప్పు.

షిఫ్ట్ బి:
అక్కా, ఏడాది కాంట్రాక్టుకైనా గ్రాట్యుటీ వస్తుందంటున్నారు, నిజమేనా?

పేరోల్ అక్క:
కంపెనీ నేరుగా ఫిక్స్‌డ్ టర్మ్ (ఇంత కాలమని గడువు పెట్టిన ఉద్యోగం) మీద తీసుకుంటే వస్తుంది తమ్ముడూ, ఐదేళ్లు ఆగక్కర్లేదు, ఏడాది చాలు. మధ్యలో కాంట్రాక్టరు ఉంటే కథ వేరు. నీ అపాయింట్‌మెంట్ లెటరు మీద ఎవరి పేరుందో చూడు.

షిఫ్ట్ బి:
లెటరు ఎక్కడిదక్కా. సంతకం పెట్టించుకుని వాళ్ల దగ్గరే ఉంచుకున్నారు.

నల్లకోటు:
కొత్త కోడ్ ప్రకారం లెటరు మీ చేతికి ఇచ్చి తీరాలి. నోటితో అడగొద్దు. తెలుగులోనే రెండు కాపీలు రాయండి, ఒకటి ఇచ్చి రెండో దాని మీద తేదీతో ముట్టినట్టు సంతకం తీసుకోండి. పెట్టకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఆ రాజీనామా కాగితం నకలూ అందులోనే అడగండి. (ఇది ఫీజు లేని సలహా. మా క్లయింట్లు ఎవరైనా చదువుతుంటే, ఆ లెటర్లు రేపే ఇచ్చెయ్యండి.)