హకాతా రామెన్: కాయెదమా, బారికటా, ఇంటి సూప్

సన్నసేమ్యా:
వచ్చే నెల జపాన్‌లోని ఫుకువోకా ప్రయాణం, అక్కడి హకాతా రామెన్ (పంది ఎముకల సూప్‌లో సన్న నూడుల్స్) తినాలి. మూడు సందేహాలు. కాయెదమా (రెండో విడత నూడుల్స్) ఎప్పుడు అడగాలి? బల్లమీద పెట్టే తకానా (ఊరిన ఆవకూర) ముందే వేసుకోవచ్చా? ఇంట్లో పంది ఎముకల సూప్ కుక్కర్‌లో రెండు గంటలు పెట్టినా తేటగానే ఎందుకుంటోంది?

మూలగబొక్క:
మూడోదానికే చెబుతాను. మూత బిగించిన కుక్కర్‌లో నీళ్లు కుతకుతలాడవు. ఎముకల్లోని జిగురు దిగుతుంది గానీ కొవ్వు పైనే తేలుతుంది. అది సన్నటి బొట్లుగా విరిగి, జిగురు పట్టుకుని నీళ్లలో నిలిస్తేనే తెలుపు. కుక్కర్ దించాక మూత తీసి పెద్దమంట మీద గంటన్నర తెర్లించండి. పాయాకి పెట్టినట్టు సన్నసెగ పెడితే ఈ జన్మకి తెల్లబడదు.
కుక్కర్ లేకపోతే: చీల్చిన తొడ ఎముకలు 2 కిలోలు, చన్నీళ్లలో నాలుగైదు గంటలు నానబెట్టి, 15 నిమిషాలు ఉడికించి ఆ నీళ్లు పారబొయ్యాలి. ఎముకకు అంటిన నల్లటి నెత్తురు కుళాయి కింద బ్రష్‌తో తోమాలి. ఇది మానేస్తే సూప్ బూడిద రంగులోకి తిరిగి నీచు కొడుతుంది. తర్వాత 6 లీటర్ల నీళ్లలో 10 నుంచి 12 గంటలు. తగ్గినప్పుడల్లా వేడినీళ్లే పొయ్యాలి. చివరి రెండు గంటలు అడుగు కలుపుతూనే ఉండాలి, మాడితే మొత్తం పోయినట్టే.

బారికటా_భక్తుడు:
ఎముకల సంగతి సరే, హకాతా అంటే నూడుల్సే. బారికటాకి (బాగా గట్టిగా ఉడికినవి) తగ్గకుండా అడగండి. మెత్తగా తినేవాళ్లు ఉడోన్ (లావు నూడుల్స్) తినాలి.

పిండిమర:
ఇలాంటి సలహాలతోనే కొత్తవాళ్ల నోరు పాడవుతోంది. నూడుల్స్ మిషన్ మీద పనిచేసిన చేతితో చెబుతున్నా, వినండి. హకాతా పిండిలో నీళ్లు వందకి 26 నుంచి 30 మాత్రమే. అందుకే సన్నగా, బిరుసుగా ఉండి నిమిషంలోపే ఉడుకుతాయి. మెత్తన నుంచి వరస ఇది: యవ (మెత్తన), ఫుత్సూ (మామూలు), కటా (గట్టి), బారికటా, హరిగనే, కొనఒతోషి. హరిగనే అంటే తీగ. కొనఒతోషి అంటే పైపిండి దులపడం, నీళ్లలో ముంచి తీసెయ్యడమే. అక్కడ లోపలి పిండి పచ్చిగానే ఉంటుంది, నాలుకకు తగిలేది ఆ పచ్చివాసనే. మొదటి గిన్నె కటా చాలు.

బారికటా_భక్తుడు:
గిన్నెలో వేశాక వేడి సూప్‌లో ఇంకా మెత్తబడతాయి కదా! ఫుత్సూ అడిగితే సగం తినేసరికి ముద్ద. అది లెక్కలోకి తీసుకోరేం?

పిండిమర:
మెత్తబడకముందే తినడానికే ఒక్కో విడత తక్కువ వేసి, కాయెదమా పెట్టారు. ఫుకువోకాలోని నాగహామా చేపల మార్కెట్ కూలీలకు తీరిక లేదు. సన్నవి త్వరగా ఉడకాలి, చాలకపోతే మళ్లీ వేయాలి. 1952లో మొదలైన గన్సో నాగహామాయా అనే కొట్టు పేరుతోనే ఆ ఆచారాన్ని చెప్పుకుంటారు. ఫోన్ చూస్తూ కూర్చునేవాళ్లకి ఏ గట్టిదనమైనా ముద్దే.

కురుమే_ఘాటు:
నాగహామా, హకాతా అని ఊగుతున్నారు గానీ పంది ఎముకల రామెన్ పుట్టిల్లు పక్క ఊరు కురుమే. 1937లో నన్కిన్ సెన్ర్యో అనే బండితో మొదలైంది. 1947లో సన్క్యూ అనే కొట్టులో కుండ పొయ్యిమీదే ఉండిపోయి అతిగా మరగడంతో తెల్లసూప్ పుట్టిందని చెబుతారు. పాత సూప్‌లో కొత్తది కలుపుతూ పోయే యోబిమొదొషి కూడా అక్కడిదే. ఆ చిక్కదనం ముందు హకాతాది పలుచనే.

మూలగబొక్క:
పలుచన అనడం అన్యాయం. ఒకదానికొకటి పోటీ పెట్టే వంటలు కావవి. కురుమే నూడుల్స్ కాస్త లావు, ఆ సూప్‌కి అవి సరిపోతాయి.

సన్నసేమ్యా:
కాయెదమా, తకానా రెండూ మిగిలిపోయాయండీ.

పిండిమర:
గిన్నెలో రెండు మూడు పట్లు మిగిలినప్పుడే "కాయెదమా, కటా" అనండి. చిల్లర బల్లమీద పెట్టండి, కొన్నిచోట్ల ముందే టికెట్ కొనాలి. సూప్ కనీసం సగం మిగలాలి, మొత్తం తాగేశాక అడిగితే నూడుల్స్ వేసుకోవడానికి ఏమీ ఉండదు. నూడుల్స్‌తో పాటు నీళ్లూ దిగుతాయి కాబట్టి రుచి పలచబడుతుంది. బల్లమీది తారె (ఉప్పటి చిక్కటి సాస్) అర చెంచా పోసి కలపండి, అంతకు మించితే ఉప్పుకషాయం.

కురుమే_ఘాటు:
యతాయి (వీధి తిండి) బళ్లలో సీట్లు మామూలుగా పది దాకానే ఉంటాయి. మనిషికొకటి తెప్పించుకుని, తినగానే లేవాలి. పచ్చి చేప అడగొద్దు, బళ్లలో అమ్మనివ్వరు.

మూలగబొక్క:
తకానా అంటే ఊరిన ఆవకూరని మిరపతో వేయించింది. ముందు సూప్ రెండు గరిటెలు ఖాళీగా తాగండి. తకానా కలిపాక ఆ కారం నూనెకి ఎముకల రుచి ఇక తెలియదు. వెల్లుల్లి, ఎర్ర అల్లం కాయెదమాకి దాచుకోండి.